తుమ్మలపల్లె యురేనియం: షరతులు కాగితం మీద, నీళ్లు భూమి కింద

తుమ్మలపల్లె గనిలో టన్ను ముడిరాయి తవ్వి పైకి తెస్తే అందులో ఉండే యురేనియం ఆక్సైడు అటూ ఇటుగా 400 గ్రాములు. శుద్ధి చేసేటప్పుడు అందులోనూ కొంత చేజారుతుంది. మిగిలిన 999 కిలోల పైచిలుకు రాతిపిండి ఆ ఊళ్ల పొలిమేర దాటి ఎక్కడికీ పోదు. నీళ్లలో కలిపి, గొట్టాల్లో తోడి, కేకే కొట్టాల దగ్గర కట్ట వేసి చేసిన టెయిలింగ్ పాండ్‌లో పోస్తారు. మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నులు. ఏడాదిలో 300 రోజులు ఆ లెక్కన నడిస్తే తొమ్మిది లక్షల టన్నుల రాతిపిండి. గని అనగానే నేల మీద పెద్ద గుంత ఊహకొస్తుంది. ఇక్కడ తవ్వకమంతా భూగర్భంలోనే సాగుతుంది కాబట్టి పైకి కనబడేది, గని మూతపడ్డాక మిగిలేది ఆ బురద చెరువే.

పల్లెలో గని అంటే పర్యావరణం మీద జరిగే వాదన చాలాసార్లు రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. "అన్ని అనుమతులూ ఉన్నాయి" అని ఒకరు, "మా బోర్లలో విషం వస్తోంది" అని ఇంకొకరు. రెండూ ఏకకాలంలో నిజం కావచ్చన్నది ఇద్దరూ ఒప్పుకోరు. ఏ నీళ్లను, ఎప్పటి నుంచి, ఎక్కడ, ఎవరు కొలిచారు అన్న ప్రశ్నకు జవాబు లేనంతవరకు ఈ తగాదా తెగదు. గని పర్యావరణ నిర్వహణ అంటే మొక్కలు నాటడం, రోడ్డు మీద నీళ్లు చల్లడం అని చూపిస్తుంటారు. అవీ కావలసినవే. కానీ అసలు కథ నీళ్ల కొలతలో ఉంది. అది అర్థం కావడానికి తుమ్మలపల్లెను మించిన పాఠం మన దగ్గర లేదు.

కడప జిల్లా వేముల మండలం, పులివెందుల పక్కన. అరటి, చీనీ, శనక్కాయ పండే నేల. వాన తక్కువ, బోరే ఆధారం. అణుశక్తి విభాగం కింద పనిచేసే ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్) ఇక్కడ గని పెట్టింది. జార్ఖండ్‌లోని జాదుగూడలో దశాబ్దాలుగా యురేనియం తవ్వుతున్నది ఈ సంస్థే. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన. 2011లో అప్పటి అణుశక్తి సంఘం ఛైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ, ఇక్కడ 49,000 టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయని, అవి మూడింతలు కూడా కావచ్చని ప్రకటించారు. ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి అని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. నిల్వ పెద్దదే. అయితే రాయిలో యురేనియం శాతం చాలా తక్కువ. శాతం తగ్గేకొద్దీ ఒక్కో కిలో యురేనియం కోసం నూరాల్సిన రాయి పెరుగుతుంది, పారబోయాల్సిన బురదా పెరుగుతుంది. ఈ రెండో సగం ఆ శీర్షికల్లో లేదు.

ఇక్కడి బురద వేరు

జాదుగూడలో రాయి నుంచి యురేనియం తీయడానికి గంధకామ్లం వాడతారు. తుమ్మలపల్లెలో అది కుదరదు. ఇక్కడి యురేనియం డోలమైటు కలిసిన సున్నపురాయిలో ఉంది. సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే యురేనియం కరిగేలోపు ఆమ్లమంతా రాయికే ఖర్చయిపోతుంది. అందుకే ఇక్కడ క్షార పద్ధతి పెట్టారు. రాయిని మెత్తగా నూరి, సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో వేసి, వేడి, ఒత్తిడి, ఆక్సిజన్ ఇచ్చి యురేనియాన్ని కరిగిస్తారు. తర్వాత సోడియం డైయురేనేట్ అనే గట్టి పదార్థంగా అడుగుకు దింపుతారు.

ఫ్యాక్టరీ లోపలి ఈ వ్యవహారం బయట రైతుకెందుకు అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, కార్బొనేట్‌తో జతకట్టిన యురేనియం రుణావేశంతో నీళ్లలో తిరుగుతుంది. బంకమట్టి రేణువుల ఉపరితలం కూడా ఇలాంటి క్షార నీటిలో రుణావేశంతోనే ఉంటుంది. సీసం, రాగి లాంటి ధనావేశ లోహాలను బంకమట్టి పట్టి ఆపగలదు. ఈ రూపంలో ఉన్న యురేనియాన్ని అంతగా ఆపలేదు. అంటే పాండ్ అడుగున ఉన్న మట్టి నీటిని ఎంత ఆపితే యురేనియాన్నీ అంతే ఆపుతుంది. వడపోత మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు.

రెండోది సోడియం. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఎందుకంటే యురేనియం పక్కన సోడియం అమాయకంగా కనిపిస్తుంది. కానీ తోటకు ముందు తగిలే దెబ్బ దీనిదే కావచ్చు. సోడియం ఎక్కువున్న నీళ్లు పెడితే నేలలోని బంక రేణువులు విడిపోయి రంధ్రాలు పూడుకుపోతాయి. పైన పెచ్చు కడుతుంది, నీళ్లు ఇంకవు, వేరుకు గాలి ఆడదు. అరటి ఉప్పును ఓర్చుకోలేని పంట. ఆకుల అంచులు మాడి, గెల సన్నబడుతుంది. పాండ్ చుట్టుపక్కల రైతులు కొన్నేళ్లుగా చెబుతున్న ఫిర్యాదుల్లో అరటి తోటలు దెబ్బతినడం ముఖ్యమైనది. దానికి కారణం పాండేనా కాదా అన్నది వేరే ప్రశ్న, దానికి వస్తాను. కానీ ఆ బోరు నీళ్లలో యురేనియం ఒక్కటే కొలిచి "పరిమితికి లోబడే ఉంది" అని చెబితే తోట ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు. సోడియం, సల్ఫేట్, క్షారత, మొత్తం లవణాలు కూడా చూడాలి.

రేడియోధార్మికత సంగతీ చెప్పుకోవాలి. రాయిలోంచి యురేనియం తీసేశాం కాబట్టి బురద ప్రమాదం లేనిదని చాలామంది అనుకుంటారు. ముడిరాయిలో ఉన్న మొత్తం రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం బురదతోనే పోతుంది. యురేనియం విచ్ఛిన్నమవుతూ పుట్టించిన థోరియం-230, రేడియం-226 అందులోనే ఉండిపోతాయి. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు, థోరియం సగానికి తగ్గడానికి 75,000 ఏళ్లు. రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తూనే ఉంటుంది. చుట్టూ కంచె వేసి, పైన నీళ్లు నిలిపినంతకాలం దీని ప్రభావం పరిమితంగానే ఉంటుంది. ఎండాకాలం ఎండిపోయిన ఒడ్డు నుంచి దుమ్ము లేచినప్పుడు, లేదా ఎవరైనా ఆ మట్టి తీసుకెళ్లి గోడకు వాడినప్పుడు లెక్క మారుతుంది.

తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి చాలాకాలం 60 మైక్రోగ్రాముల దగ్గర నిలబడింది. భారత తాగునీటి ప్రమాణంలోనూ ఇప్పుడు 30 వచ్చింది. ఈ హద్దు రేడియేషన్ చూసి పెట్టింది కాదు. యురేనియం సీసంలాగే ఒక భారలోహం, ముందు దెబ్బతినేది మూత్రపిండాలు. "రేడియేషన్ సహజ స్థాయిలోనే ఉంది" అని యంత్రం పట్టుకొచ్చి చూపించే అధికారి నిజమే చెబుతుండవచ్చు. కానీ కిడ్నీకి కావలసిన లెక్క అది కాదు.

అర మీటరు మట్టి, ఒక ప్లాస్టిక్ షీటు

తుమ్మలపల్లె వివాదమంతా ఒక్క ఇంజినీరింగ్ వివరం చుట్టూ తిరుగుతుంది. అది పాండ్ అడుగు పొర. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో పాండ్ అడుగున బెంటోనైటు బంకమట్టి పొర, దానిమీద పాలిథిన్ షీటు వేయాలని షరతు ఉంది. విశ్రాంత శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు 2018లో మండలికి లేఖ రాసి, ఆ షరతు పాటించలేదని, ఊటనీరు భూగర్భ జలాల్లో కలుస్తోందని ఎత్తిచూపారు. మండలి ఆ తర్వాత సంస్థకు షోకాజ్ నోటీసు ఇచ్చింది. తాము నిబంధనల ప్రకారమే కట్టామని, బోర్లలో కనిపించేది పాండ్ నుంచి వచ్చింది కాదని యూసీఐఎల్ చెబుతూ వచ్చింది.

షీటు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఇది ఎవరి నివేదికలోదీ కాదు, ఎవరైనా కాగితం మీద వేసుకోగలిగే లెక్క. మంచి బంకమట్టిలో నీరు చొరబడే వేగం సెకనుకు మీటరులో వందకోట్లో వంతు అనుకుందాం. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఏడాదికి చూస్తే మూడు సెంటీమీటర్లు. కానీ అది మట్టి మీద నీటి బరువు లేనప్పటి మాట. అర మీటరు మట్టి మీద పది మీటర్ల నీళ్లు నిలిస్తే ఒత్తిడి 21 రెట్లు పెరుగుతుంది. అప్పుడు ఏడాదికి 66 సెంటీమీటర్ల నీరు మట్టి గుండా దిగుతుంది. హెక్టారుకు లెక్కేస్తే 66 లక్షల లీటర్లు. మట్టి పొర చెప్పినంత బాగా ఉండి, ఒక్క పగులూ లేకపోతేనే ఈ సంఖ్య. పొర అంతకు పది రెట్లు వదులుగా ఉంటే ఊటా పది రెట్లు. అడుగున పేరుకునే మెత్తటి బురద కొంత అడ్డుకుంటుంది గనుక నిజంలో ఇంతకన్నా తక్కువ కావచ్చు. అయినా మట్టి ఒక్కటే చాలదని, షీటూ మట్టీ కలిసి ఉండాలని ఇంజినీర్లు పట్టుబట్టడానికి కారణం ఇదే. షీటుకు పడ్డ చిన్న చిల్లును కింది మట్టి కాపాడుతుంది, మట్టిలోని వదులును షీటు కాపాడుతుంది.

ఇందులోనే మరో చిక్కుముడి ఉంది. బెంటోనైటు నీళ్లు తగిలితే ఉబ్బి రంధ్రాలు మూసేస్తుంది. అదే దాని గొప్ప. లవణాలు బాగా ఎక్కువున్న ద్రవం తగిలితే ఆ ఉబ్బు తగ్గుతుంది. కాబట్టి ప్రయోగశాలలో మంచినీళ్లతో పరీక్షించి "చొరబాటు ఇంత" అని రాసిన కాగితం చెల్లదు. పాండ్‌లో నిలవబోయే అసలు ద్రవంతోనే పరీక్షించాలి. ప్రజాభిప్రాయ సేకరణలో ఈ ప్రశ్న వేసే పల్లెటూరి మనిషి ఉంటాడని ఎవరూ ఊహించరు. ఊహించకపోవడమే అలా అడిగేవాళ్ల బలం.

పాండ్ కట్టేశాక షీటు వేయడం దాదాపు అసాధ్యం. లక్షల టన్నుల బురద కింద పొర మార్చలేరు. అప్పుడు చేయగలిగినవి వేరే ఉన్నాయి. పైన నిలిచిన నీళ్లను ఎప్పటికప్పుడు తోడి మిల్లుకే తిప్పి వాడితే ఒత్తిడి తగ్గి ఊట తగ్గుతుంది. పాండ్ కింది వైపు వరుసగా బోర్లు వేసి ఊటను పట్టి వెనక్కి తోడవచ్చు. కొత్త పాండ్ కడితే అది షీటుతోనే కట్టాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవే, కానీ మందులేని రోగాలు కావు.

పాండ్‌దా, భూమిదా?

ఇక యూసీఐఎల్ వాదన. కొట్టిపారేయదగ్గది కాదు. కింద యురేనియం ఉన్న రాయే పరుచుకుని ఉంటే ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో గని లేకపోయినా యురేనియం ఉండవచ్చు. దేశంలో ఏ యురేనియం గనీ లేని ఎన్నో జిల్లాల్లో భూగర్భ జలాల్లో 30 మైక్రోగ్రాములు దాటిన నమూనాలు దొరికాయి. బోరు నీళ్లలో యురేనియం దొరికింది కాబట్టి పాండ్ కారుతోందని అనడం తొందరపాటే. సహజంగానే ఉంది కాబట్టి పాండ్ కారడం లేదని తేల్చడమూ అంతే తొందరపాటు.

తేల్చే దారులున్నాయి. పాండ్‌లో సోడియం, సల్ఫేట్ విపరీతంగా ఉంటాయి. సహజంగా రాతి నుంచి యురేనియం వచ్చిన బోరులో ఆ రెండూ అదే నిష్పత్తిలో పెరగవు. పాండ్ నుంచి దూరం జరిగేకొద్దీ మూడూ కలిసి తగ్గుతూ పోతే అనుమానం బలపడుతుంది. ఇంకా నికరమైన పరీక్ష ఒకటుంది. యురేనియం-234, యురేనియం-238 అనే రెండు ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న యురేనియం రకాల, నిష్పత్తి. వేల ఏళ్లుగా నీళ్లు రాతిని ఒరుసుకుంటూ పోతే 234 కొంచెం ఎక్కువగా నీటిలోకి వస్తుంది. అందుకే సహజ భూగర్భ జలాల్లో ఈ రెంటి రేడియోధార్మికత నిష్పత్తి తరచు ఒకటి కంటే బాగా ఎక్కువ. మిల్లులో రాయిని పూర్తిగా నూరి రసాయనంతో కరిగించినప్పుడు రెండూ సమానంగా వస్తాయి, నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటుంది. పాండ్ నీళ్లు, అనుమానం ఉన్న బోరు, దూరంగా ఎగువన ఉన్న బోరు, మూడింటినీ పక్కపక్కన పెట్టి ఈ పరీక్ష చేయిస్తే వాదన చాలావరకు తేలుతుంది. ఆ యంత్రాలు మన దేశంలోనే ఉన్నాయి.

అన్నిటికన్నా తేలిక దారి, ఎవరూ సరిగ్గా పట్టించుకోనిది, గని రాకముందు కొలిచి పెట్టుకోవడం. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో ముందస్తు పరిస్థితి అనే అధ్యాయం తప్పనిసరిగా ఉంటుంది. సాధారణంగా వానాకాలం కాని ఒక్క కాలంలో, మూడు నెలల పాటు, కొన్ని చోట్ల నమూనాలు తీసి రాస్తారు. రాయలసీమలో ఒక్క కాలం నీళ్లు చూసి ఏడాది నీళ్లు చెప్పడం కష్టం. కరువేడాది ఏప్రిల్లో వెయ్యి అడుగుల బోరు ఇచ్చే నీళ్లు, మంచి వానపడ్డ నవంబరు నీళ్లు ఒకటి కావు. పైగా ఇక్కడి రాతిలో నీరు సమంగా పారదు, పగుళ్ల వెంబడి పోతుంది. పరిశీలన బోరు పగులుకు పది మీటర్లు పక్కన పడితే అది ఏళ్ల తరబడి "అంతా శుభ్రం" అని చెబుతూనే ఉంటుంది, కలుషిత నీరు పక్కనుంచి పోతూనే ఉంటుంది. పరిశీలన బోర్లు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా పగుళ్ల పటం చూసి వేశారా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఆ నివేదిక తయారుచేసే కన్సల్టెంటుకు డబ్బిచ్చేది గని సంస్థే అన్న సంగతి కూడా మరవకూడదు.

కొలిచేది ఎవరు

కాలుష్య నియంత్రణ మండలి నీటి, గాలి చట్టాల కింద అనుమతులు ఇస్తుంది. రేడియేషన్ సంగతి అణుశక్తి నియంత్రణ మండలిది. పర్యావరణ అనుమతి షరతుల అమలు చూసేది కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయం. గని లోపలి భద్రత గనుల భద్రతా డైరెక్టరేటుది. భూగర్భ జల మట్టం ఇంకో శాఖది. రైతు సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్తే ఏ గుమ్మం ఎక్కాలో తెలియదు. యురేనియం అనగానే "అది మా పరిధి కాదు" అని ఒకరు, సోడియం అనగానే ఇంకొకరు చేతులు ఎత్తేయడానికి ఏర్పాటులోనే వీలుంది.

యురేనియం గనుల దగ్గర నిత్యం పర్యావరణ కొలతలు తీసేది భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నడిపే ప్రయోగశాలలు. బార్క్, యూసీఐఎల్ రెండూ అణుశక్తి విభాగం కిందివే. అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధ స్వతంత్రత లేదని 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో గట్టిగానే ఎత్తిచూపింది. బార్క్ శాస్త్రవేత్తలు అబద్ధం రాస్తారని నేననడం లేదు. వాళ్ల కొలతలు చాలావరకు నిఖార్సైనవే అయివుంటాయి. కానీ తవ్వేవాడూ కొలిచేవాడూ ఒకే ఇంటివాళ్లయితే, కొలత నిజమైనా పక్క ఊరు నమ్మదు. నమ్మకం లేని కొలత సగం పనికే వస్తుంది. బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యోలో 2019 జనవరిలో ఇనుప ఖనిజం వ్యర్థాల కట్ట తెగి 270 మంది చనిపోయారు. ఆ కట్ట గట్టిగా ఉందని కొద్ది నెలల ముందే ఒక సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది.

గని సంస్థలు షరతుల అమలు మీద ప్రతి ఆర్నెల్లకూ, జూన్ 1న, డిసెంబరు 1న, నివేదిక ఇవ్వాలి. అవి ప్రజలకు అందుబాటులో ఉండాలన్నది నిబంధన. చాలా నివేదికల్లో షరతు పక్కన "పాటిస్తున్నాం" అన్న ఒక్క మాట ఉంటుంది. సంఖ్య ఉండదు. బోరు పేరు, తేదీ, లోతు, నీటి మట్టం, ఒక్కో లవణం విలువ, కిందటి ఆర్నెల్ల విలువ పక్కపక్కన లేని నివేదికను నివేదికగా లెక్కించకూడదు. పంచాయతీ ఒక్కటే పట్టుబట్టాల్సి వస్తే దీని మీద పట్టుబట్టడం మేలు. ఉద్యోగాల హామీలకన్నా దీనికే ఎక్కువ కాలం విలువ ఉంటుంది.

దుమ్ము, శబ్దం, లారీల సంగతి తేలిగ్గా చెప్పేయవచ్చు. భూగర్భ గనిలో అవి తక్కువ. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లోనో, చీమకుర్తి గ్రానైటు క్వారీల్లోనో అవే ప్రధాన సమస్య. వాటికి తెలిసిన మందులున్నాయి, కావలసిందల్లా రోజూ చేయడం. గని లోపలి నీళ్లు తోడడం మాత్రం రెండింటికీ ఉమ్మడి తలనొప్పి. సొరంగాల్లోకి ఊరే నీటిని నిరంతరం తోడుతుంటే చుట్టూ భూగర్భ జలం గరాటు ఆకారంలో కిందికి జారుతుంది. ముందు ఎండేది తక్కువ లోతున్న బోర్లు, అంటే చిన్న రైతులవి. కలుషితం అయిందా లేదా అని మనం కొట్లాడుతుంటే, అసలు నీళ్లే లేకుండా పోయిన బోరు ఏ నమూనా పట్టికలోకీ ఎక్కదు. అలా తోడిన నీళ్లను శుద్ధి చేసి ఊరి చెరువుకు తిప్పే ఏర్పాటు అనుమతిలోనే రాయించుకోవాలి.

మూత తర్వాత

అమెరికాలో యూటా రాష్ట్రం మోయబ్‌లో కొలరాడో నది ఒడ్డున ఒక యురేనియం మిల్లు 1.6 కోట్ల టన్నుల వ్యర్థాలను గుట్టగా పోసి వదిలింది. దాన్ని నడిపిన కంపెనీ 1998లో దివాలా తీసింది. ప్రభుత్వం ఆ గుట్టను 2009 నుంచి రైలు పెట్టెల్లోకెత్తి, నదికి దూరంగా, అడుగు నేల అనుకూలంగా ఉన్న చోటుకు తరలిస్తూ వచ్చింది. తూర్పు జర్మనీలోని విస్ముత్ గనులను 1990లో మూసేశాక శుభ్రం చేయడానికి జర్మనీ ప్రభుత్వం 600 కోట్ల యూరోలకు పైగా పెట్టింది. ఇంకా పెడుతోంది. యురేనియం అమ్మిన రోజుల్లో ఈ ఖర్చు ఎవరి పద్దులోనూ లేదు.

అమెరికా నిబంధనల్లో ఇలాంటి వ్యర్థాల గుట్ట మీది కప్పు వీలైనంతవరకు 1,000 ఏళ్లు, కనీసం 200 ఏళ్లు పనిచేసేలా కట్టాలని ఉంది. రేడాన్ బయటికి రాకుండా మందపాటి బంకమట్టి, వాననీరు లోపలికి దిగకుండా మరో పొర, కోత పడకుండా పైన రాళ్లు. రెండు వందల ఏళ్లంటే మన దగ్గర బ్రౌన్ దొర కడపలో ఉన్నప్పటి నుంచి ఇప్పటిదాకా. అంతకాలం ఒక కంచెకు, ఒక హెచ్చరిక బోర్డుకు ఎవరు బాధ్యులో ముందే రాసిపెట్టాలి. యూసీఐఎల్ ప్రభుత్వ సంస్థ కాబట్టి మోయబ్ కంపెనీలా చేతులెత్తేయదని సర్దిచెప్పుకోవచ్చు. కానీ మూత ఖర్చు గని నడుస్తున్న రోజుల్లోనే పక్కన పెట్టి, ఆ మొత్తం ఎంతో ఏటా ప్రకటిస్తే తప్ప, అది వచ్చే తరం బడ్జెట్‌లో బిచ్చమడగాల్సిన పద్దు అవుతుంది.

జిల్లా ఖనిజ నిధి గురించి ఒక మాట. 2015లో గనుల చట్టం సవరించి, ఖనిజాల రాయల్టీకి అదనంగా కొంత శాతం వసూలు చేసి గని ప్రభావిత ప్రాంతాలకే ఖర్చు పెట్టాలన్నారు. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం మొదటి వరుసలో ఉండాలన్నది మార్గదర్శకం. నిధి జిల్లాకు వస్తుంది, పనులు ఎక్కడెక్కడికో పోతాయి. స్వతంత్ర ప్రయోగశాలతో నీటి పరీక్షలు చేయించడానికి ఈ డబ్బు కన్నా సరైనది లేదు. గ్రామసభ తీర్మానం చేసి అడగవచ్చు.

తుమ్మలపల్లె తర్వాత తెలుగు నేల మీద యురేనియం పేరెత్తితే ఊళ్లు ఉలిక్కిపడుతున్నాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో అన్వేషణ బోర్ల మాట రాగానే చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి. దీన్ని వట్టి భయమని కొట్టిపారేసేవాళ్లు, కేకే కొట్టాల పక్కన ఏళ్ల తరబడి తేలని ప్రశ్నలే ఆ భయానికి ఎరువయ్యాయని గమనించాలి. అక్కడ ఐసోటోపు పరీక్ష చేయించి ఫలితం ఊరి గోడ మీద అంటించి ఉంటే, అది ఎటు తేలినా, కప్పట్రాళ్లలో మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉండేది.

ఇప్పుడు ఆ మాట్లాడుకునే వేదిక కూడా కుంచించుకుపోయింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి, కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహించాలి, జరిగినదంతా వీడియో తీయాలి. కాగితం మీదే అయినా ఊరి మనిషి మైకు పట్టుకుని అడిగే హక్కు అది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఈ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు కారణంగా చూపింది. అవసరం నిజం కావచ్చు. కానీ పాండ్ కట్టే ముందు ప్రశ్న అడిగే చోటును తీసేస్తే, కట్టాక పొర మార్చలేమన్న ఇంజినీరింగ్ సత్యం మాత్రం మారదు.

సభ లేకపోయినా ఊరి చేతిలో కొన్ని పనులున్నాయి. అన్వేషణ బోరు బండి ఊళ్లోకి రాకముందే పంచాయతీ తన పరిధిలోని పది పదిహేను బోర్లను ఎంచుకుని, ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీటి మట్టం కొలిచి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో యురేనియం, సోడియం, సల్ఫేట్, క్షారత, మొత్తం లవణాలు పరీక్ష చేయించుకోవచ్చు. లోహాల నమూనా ఎలా పట్టాలో, సీసాలో ఏ ఆమ్లం చుక్క వేయాలో ప్రయోగశాలవాళ్లే చెబుతారు. బోరు ఉన్న చోటు, తేదీ, తీసిన మనిషి పేరు, సాక్షి సంతకం పంచాయతీ రికార్డులో ఎక్కించాలి. గని వస్తే ఆ కాగితాలే ఊరి సొంత ముందస్తు పరిస్థితి నివేదిక. పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో సవాలు చేయడానికి గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60. అనుమతి సంగతి తెలియజేసిన రోజు నుంచి కాలం పరుగెడుతుంది కాబట్టి, అందులోని షరతులు చదివి, అడుగు పొర గురించి ఏం రాశారో, పరిశీలన బోర్లు ఎక్కడ వేస్తామన్నారో, తోడిన నీళ్లు ఎటు తిప్పుతామన్నారో ముందుగా చూసుకోవాల్సింది ఆ మొదటి వారంలోనే.